డైరీలో ‘ఎందుకు’ మానేసి ‘ఏం జరిగింది’ రాసిన ఏడాది: ఒక కాలేజీ విద్యార్థిని కేసు

కాలేజీ కౌన్సెలింగ్‌కి ఇలాంటి కేసులు తరచుగా వస్తాయి, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. ఇందులో పెద్ద ప్రమాదం ఏమీ లేదు, ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితీ రాలేదు. చదువులో వెనకబడ్డ ఒక అమ్మాయి, ఈ ఏడాదిలో తనని తాను పూర్తిగా మార్చేసుకోవాలని కంకణం కట్టుకుని వచ్చింది, ఏడాది తిరిగేసరికి నిజంగానే కొంత మారింది. కాకపోతే మార్పు తను అనుకున్న దారిలో రాలేదు. ఏం మారిందో చివర్లో తను చెప్పుకున్న కథ కూడా మొదట్లో నిజానికి దూరంగానే ఉంది. ఆ కథని సరిచేసుకోవడమే ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన పని అని నా నమ్మకం.

తన అనుమతితో రాస్తున్నాను, రాసింది తనకి చూపించాను కూడా. కోర్సు, ఊరు, కుటుంబం వివరాలు తీసేశాను, కొన్ని చిన్న విషయాలు మార్చాను. పేరు పెట్టకుండా ‘తను’ అనే అంటాను.

నేపథ్యం

స్కూల్లో తను ఎప్పుడూ మొదటి ఇద్దరు ముగ్గురిలో ఉండేది. ‘తెలివైన పిల్ల’ అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగింది. చదవడం అంటే తనకి తెలిసిన పద్ధతి ఒకటే: పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం, ముఖ్యమైన చోట రంగు పెన్నుతో గీతలు పెట్టడం. స్కూల్లో అది బాగానే పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తనతో కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, అక్కడ చిన్న చిన్న పరీక్షలు తరచుగా ఉండేవి, టీచర్లు లేపి నిలబెట్టి ప్రశ్నలు అడిగేవాళ్ళు. చదివింది గుర్తుతెచ్చుకునే పని తను పెట్టుకోకపోయినా వాళ్ళు చేయించేవాళ్ళు. కాలేజీలో అడిగేవాళ్ళు లేరు, పరీక్షలు సెమిస్టర్ చివర్లో. గీతలు మాత్రం అలాగే కొనసాగాయి.

మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కింది. రెండో ఏడాది మొదట్లో ఫలితాలు వచ్చేసరికి రెండు సబ్జెక్టులు పోయాయి. ఫెయిలవడం అదే మొదటిసారి. ఇంట్లోవాళ్ళు తిట్టలేదు, కానీ ప్రతి ఫోన్‌లోనూ మార్కుల మాట వచ్చేది, తను ఫోన్ ఎత్తడమే తగ్గించేసింది.

ఏ సమస్యతో వచ్చింది

‘నేను మారాలి మేడమ్. ఈ ఏడాది ఎలాగైనా పూర్తిగా మారిపోవాలి.’ కుర్చీలో కూర్చోగానే చెప్పిన మాట ఇది. వెంట ఒక లిస్టు తెచ్చుకుంది. తెల్లవారుజామున లేవడం, వ్యాయామం, ఫోన్ తగ్గించడం, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడడం, భయం పోగొట్టుకోవడం, అందరితో కలవడం, రోజూ ఆరు గంటలు చదవడం, నెగెటివ్‌గా ఆలోచించకపోవడం. చివరిదాని కింద రెండు గీతలు గట్టిగా కొట్టి ఉన్నాయి.

ఆ లిస్టులో రెండు రకాల విషయాలు కలిసిపోయి ఉన్నాయని చదవగానే అనిపించింది. కొన్ని పనులు, కొన్ని మనసు స్థితులు. వ్యాయామం చేయొచ్చు, చేశామో లేదో సాయంత్రానికి తెలుస్తుంది. భయం పోగొట్టుకోవడం అనేది సోమవారం పొద్దున కూర్చుని చేసే పని కాదు, పోయిందో లేదో తెలియాలంటే రోజూ లోపలికి తొంగి చూసుకుంటూ ఉండాలి. తను సరిగ్గా అదే చేస్తోంది. రోజూ రాత్రి పడుకునే ముందు గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు డైరీ రాస్తోంది. నిద్ర పట్టడం ఆలస్యం, పొద్దున క్లాసులో మగత, వెనక బెంచీ, ఏదైనా అర్థం కాకపోతే నోరు విప్పకపోవడం, అసైన్‌మెంట్లు చివరి నిమిషం దాకా వాయిదా.

ముందుగా చూసుకోవాల్సినవి చూసుకున్నాను. దిగులు (డిప్రెషన్) ఏ స్థాయిలో ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి 2001 నుంచి వాడుకలో ఉంది, గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 27 వరకు. తనకి 13 వచ్చింది, అంటే మధ్యస్థ స్థాయి. ఇది వ్యాధి నిర్ధారణ కాదు, ఎక్కడ లోతుగా అడగాలో చూపిస్తుంది, అంతే. తొమ్మిదో ప్రశ్న, బతకడం అనవసరం అనిపించడం, తనని తాను గాయపరుచుకోవాలనిపించడం గురించినది, దానికి సున్నా పెట్టింది. కాగితం మీద సున్నా చూసి ఊరుకోలేదు, నోటితోనూ సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది జంకుతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, అడగకపోతే ఉన్నది మనకి తెలియదు. అలసట ఎక్కువగా ఉందంటోంది కాబట్టి రక్తహీనత, థైరాయిడ్ పరీక్షల కోసం డాక్టరు దగ్గరికి కూడా పంపాను. రెండూ మామూలుగానే వచ్చాయి. ఈ మెట్టు దాటకుండా ‘మనసు సమస్య’ అని తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

తను తెచ్చిన లిస్టుతోనే మొదలుపెట్టాం. అది నిలవదని నాకు అనిపించింది, అయినా పక్కన పెట్టమనలేదు. కారణం ఉంది. మారాలనుకునే మనిషికి ఎదురుగా కూర్చుని మనం ‘ఇది కాదు, అది చెయ్యి’ అని వాదిస్తే, ఆ మనిషి రెండో పక్షం తీసుకుని వాదించడం మొదలుపెడుతుంది. మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కారణాలు మనిషి నోటి నుంచే వచ్చేలా మాట్లాడే పద్ధతి) గురించి మొదటగా రాసినప్పుడు చెప్పిన సంగతుల్లో ఇదొకటి, ఆయన చూసింది మద్యం సమస్య ఉన్నవాళ్ళని, కానీ విద్యార్థుల విషయంలోనూ నాకు రోజూ కనిపించేది ఇదే. పైగా ఆ లిస్టుని నేను కొట్టిపారేస్తే ‘మేడమ్‌కి కూడా నామీద నమ్మకం లేదు’ అన్న అర్థమే తనకి అందేది. అందుకని ఒకే ఒక్క షరతు పెట్టాను. లిస్టులో ఏదైనా తప్పిపోయిన రోజు, ఆ తర్వాత మిగతా రోజంతా ఏం జరిగిందో రెండు ముక్కలు రాసి తేవాలి.

లిస్టు మూడునాళ్ళ ముచ్చటే అయింది. కానీ తెచ్చిన ఆ రెండు ముక్కల్లో అసలు విషయం దొరికింది. పొద్దున లేవడం ఆలస్యమైన రోజు తను వ్యాయామం మానేసేది, ఎలాగూ రోజు పాడైంది కదా అని క్లాసులో పరధ్యానంగా కూర్చునేది, సాయంత్రం ‘రేపటి నుంచి కొత్తగా మొదలుపెడదాం’ అనుకుని పుస్తకం కూడా తీసేది కాదు. ఒక్కటి తప్పితే అన్నీ వదిలేయడం. అంటే తనకి లేనిది పట్టుదల కాదు. మధ్యలో మళ్ళీ అందుకునే అలవాటు లేదు. ఈ తేడా పట్టుకున్నాక నా ఆలోచన చాలావరకు దీని చుట్టూనే తిరిగింది.

తర్వాత ఆలోచనల పట్టిక. మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల నుంచి అభివృద్ధి చేసిన కాగ్నిటివ్ థెరపీకి, అంటే ఆలోచనలని పరీక్షించి చూసుకునే చికిత్సకి, చెందిన సాధనం ఇది, కౌన్సెలింగ్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ తెలిసిందే. ఏం జరిగింది, ఏ ఆలోచన వచ్చింది, దానికి అనుకూలంగా ఏ ఆధారం ఉంది, వ్యతిరేకంగా ఏముంది, మరోలా ఎలా అనుకోవచ్చు. చాలామందికి బాగా పనిచేస్తుంది. తనకి పనిచేయలేదు, పైగా నిద్ర ఇంకా ఆలస్యమైంది. ఎందుకో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తను ఒకరోజు డైరీ తెచ్చి, చదవమని తనే ఒక పేజీ తీసి ఇచ్చింది. చక్కటి గుండ్రటి అక్షరాలు. పైన ‘ఎందుకు అడగలేకపోయాను?’ అని ఉంది. కింద నాలుగు లైన్ల జవాబు. ఆ జవాబు కింద ‘అలా ఎందుకు భయపడతాను?’ దాని కింద ఇంకో జవాబు. ‘మిగతావాళ్ళకి లేని భయం నాకే ఎందుకు?’ పేజీ అడుగుకి వచ్చేసరికి ‘నేనెందుకు ఇలా ఉన్నాను?’ ఆ ‘ఇలా’ కింద పెన్ను ఎంత నొక్కి గీసిందంటే కాగితం చిరిగి వెనక పేజీ కనిపిస్తోంది. పట్టికలో ‘వ్యతిరేకంగా ఆధారం’ అన్న గడి కూడా ఇలాంటి వాదనకి ఇంకో వేదిక అయిపోయింది. ఒక మంచి విషయం రాసుకుని, పక్కనే ‘కానీ అది లెక్కలోకి రాదు, ఎందుకంటే’ అని మొదలుపెట్టేది.

పొద్దున్న జరిగినదాని గురించి మొదలైన ప్రశ్న అడుగుకి చేరేసరికి మనిషి గురించి అయిపోవడం, ఇదీ నేను ఆ పేజీలో చూసింది. మనస్తత్వవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా 1991లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీని గురించే. దిగులుగా ఉన్నప్పుడు ఆ దిగులు మీదా, దాని కారణాల మీదా అదేపనిగా మనసు పెట్టేవాళ్ళకి ఆ దిగులు ఎక్కువ కాలం ఉంటుంది. తర్వాత ఎడ్వర్డ్ వాట్కిన్స్ చేసిన పని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళింది: తన గురించి తాను ఆలోచించుకోవడమే చెడ్డది కాదు, ‘నేనెందుకిలా’ అని గాల్లో ఆలోచించడం హాని చేస్తుంది, ‘ఏం జరిగింది, ఎలా జరిగింది’ అని నిర్దిష్టంగా ఆలోచించడం సాయం చేస్తుంది. తను చేస్తున్నది పుండు మానిందో లేదో చూద్దామని రోజూ గోకి చూడడంలా ఉంది.

మధ్యలో ఒక విద్యార్థి సంఘంలో చేరమని కూడా అనుకున్నాం, వెళ్ళింది, నాలుగు మాటలు మాట్లాడకుండానే వచ్చేసింది, మానేసింది. అప్పటికి అది తలకి మించిన మెట్టు.

డైరీ మాన్పించాలా?

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మాన్పించడం తేలిక. ఒక నెల డైరీ ముట్టుకోకు అంటే సరిపోతుంది. కానీ ఆ సమయంలో తన జీవితంలో ఒక్కరోజు కూడా తప్పకుండా జరుగుతున్న పని అదొక్కటే. అన్నీ మధ్యలో వదిలేస్తున్నానని బాధపడే అమ్మాయి చేత, వదలకుండా చేస్తున్న ఒక్కదాన్నీ నేనే వదిలించడం ఏం బాగుంటుంది? పైగా రాయడం వల్ల మేలు జరుగుతుందని చెప్పే ఆధారాలు ఉన్నాయి. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తమని బాగా కలవరపెట్టిన అనుభవాల గురించి రోజుకి 15 నిమిషాల చొప్పున 4 రోజులు రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్ళు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. దీన్ని చాలామంది ‘రాస్తే మంచిది’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అందులో ఒక హద్దు ఉంది, గమనించండి: 15 నిమిషాలు, 4 రోజులు. అంతూ పొంతూ లేకుండా ప్రతిరాత్రీ నిద్ర చెడగొట్టుకుని రాయడం వేరే సంగతి.

అందుకని డైరీని ఉంచి అందులోని ప్రశ్నని మార్చాం. పోస్టుకార్డంత కార్డు ఒకటి, దాని మీద నాలుగు లైన్లు. ఇవాళ ఏం చేశాను, ఎక్కడ, ఎవరితో, ఆ తర్వాత ఏం జరిగింది. ‘ఎందుకు’ అన్న మాట ఆ కార్డు మీద ఉండకూడదు. రాసేది మంచం మీద కాదు, చదువుకునే బల్ల దగ్గర, సాయంత్రం. మంచం దగ్గర డైరీ పెట్టుకోవద్దని అడిగితే తను మొదట ఒప్పుకోలేదు, ‘రాసుకోకపోతే నిద్ర పట్టదు మేడమ్’ అంది. రాసుకున్నా పట్టడం లేదు కదా, ఒక వారం చూద్దాం, బాలేకపోతే పాత పద్ధతికే వెళ్దువుగాని అన్నాను. వెనక్కి వెళ్ళే దారి తెరిచి ఉంచడం కావాలనే చేశాను, దారి మూసేస్తే మొదటి చెడ్డ రాత్రికే మొత్తం అటకెక్కిస్తుందని తన తీరు చూశాక తెలుసు.

మొదటి కార్డులు పేలవంగా ఉన్నాయి. ‘క్లాసుకి వెళ్ళాను. లైబ్రరీ. ఒంటరిగా. ఏమీ జరగలేదు.’ ఇలాంటివే వరసగా. నాకు అవి నచ్చాయి, ఎందుకంటే వాటిలో తీర్పు లేదు.

కార్డుకి రెండో వైపు

కొన్నాళ్ళకి కార్డు వెనక వైపు కూడా వాడడం మొదలుపెట్టాం. భయపడే పని ఏదైనా చేయబోయే ముందు, ఏం జరుగుతుందనుకుంటున్నావో రాయి. చేశాక, కార్డు తిప్పి ఏం జరిగిందో రాయి. అంతే. ధైర్యం తెచ్చుకోమనలేదు, భయం పోవాలనీ అనలేదు, భయంతోనే చెయ్యి అన్నాను.

మొదటి పని చాలా చిన్నది: ల్యాబ్ క్లాసులో ఒక్క ప్రశ్న అడగడం. క్లాసురూమ్ కాకుండా ల్యాబ్ ఎందుకంటే, అక్కడ అందరూ ఎవరి పనిలో వాళ్ళు ఉంటారు, గొంతు కాస్త తగ్గించి అడగొచ్చు. ఆ కార్డు ఇంకా తన దగ్గర ఉంది. ముందు వైపు: ‘సార్ ఇంతమాత్రం తెలీదా అంటారు. పక్క బ్యాచ్ వాళ్ళు తిరిగి చూస్తారు. నాకు గొంతు వణుకుతుంది.’ వెనక వైపు: ‘గొంతు వణికింది. సార్ కాగితం తీసుకుని బొమ్మ వేసి చూపించారు. ఎవరూ చూళ్ళేదు. వెళ్ళేటప్పుడు పక్కనమ్మాయి ఆ బొమ్మ ఫోటో తీసుకుంటానంది.’

మూడు అంచనాల్లో ఒకటి నిజమైందని చూసుకుని తను కాసేపు మాట్లాడలేదు. గొంతు వణికినా పని జరిగిపోయింది అన్నది తనకి కొత్త సంగతి. ఇలాంటి చోట థామస్ గిలోవిచ్, ఆయన తోటివాళ్ళు 2000లో ప్రచురించిన ప్రయోగం చెబుతుంటాను. విద్యార్థులకి వాళ్ళు సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి, నలుగురున్న గదిలోకి పంపించారు. గదిలో ఉన్నవాళ్ళలో సుమారు సగం మంది ఆ బొమ్మ ఎవరిదో గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు, నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు. కానీ ఈ ప్రయోగం తనకి కార్డు తర్వాతే చెప్పాను, ముందు చెప్పలేదు. ముందు చెబితే అది నా మాట, నన్ను నమ్మాలా వద్దా అన్న ప్రశ్న అవుతుంది. తర్వాత చెబితే తను కళ్ళారా చూసినదానికి తోడు అవుతుంది.

చదివే పద్ధతి

దీన్ని కౌన్సెలింగ్‌లో భాగం కాదని వదిలేసేవాళ్ళని చూశాను, నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి దిగులులో పెద్ద భాగం ఫెయిలవడం నుంచి వచ్చింది, ఫెయిలవడంలో పెద్ద భాగం పద్ధతి నుంచి వచ్చింది. అది అలాగే ఉంచి ఆత్మవిశ్వాసం గురించి ఎంత మాట్లాడినా వచ్చే పరీక్షకి మళ్ళీ మొదటికొస్తుంది.

రోడిగర్, కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగం తనకి పూర్తిగా వివరించాను. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన గుంపే ముందుంది. వారం తర్వాత పెడితే చదివిన గుంపుకి సుమారు 40 శాతం గుర్తుంటే, రాసిన గుంపుకి సుమారు 61 శాతం గుర్తుంది. ఇంకో మాట, తమకి బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మళ్ళీ మళ్ళీ చదివిన గుంపే. ఇది విని తను తన రంగు గీతల పుస్తకం తెరిచి చూసుకుంది. ‘చదువుతున్నప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటాయి మేడమ్, హాల్లో కూర్చుంటే ఏమీ రావు’ అంది. ‘వచ్చినట్టు ఉండడం’ అనేది కళ్ళకి అలవాటు పడడం మాత్రమే అని అప్పుడు తనకి తట్టింది.

పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయడం తనకి అస్సలు నచ్చలేదు. సగం పేజీ ఖాళీగా ఉండేది, అది చూసి టెన్షన్. ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచి పద్ధతి చేస్తున్నప్పుడు చెడ్డగా అనిపిస్తుంది, చెడ్డ పద్ధతి చేస్తున్నప్పుడు హాయిగా ఉంటుంది. తన మనసులోని లెక్క ప్రకారం చెడ్డగా అనిపించిందంటే తనే చేతకానిది. అందుకే ఆ ఖాళీ పేజీని కూడా కార్డు లెక్కలోకి తెచ్చాం: ఇవాళ గుర్తొచ్చినవి ఇన్ని, పుస్తకం తెరిచి కలిపినవి ఇన్ని, రెండ్రోజుల తర్వాత అదే పాఠానికి గుర్తొచ్చినవి ఇన్ని. ఖాళీ పేజీ తన తెలివికి కొలత కాకుండా, రేపు ఏం చదవాలో చెప్పే కాగితం అయింది.

ఏడాది మధ్యలో

ఒక సబ్జెక్టు గట్టెక్కింది, ఇంకోటి మళ్ళీ పోయింది. తను సెషన్లకి రావడం మానేసింది. ఇలాంటప్పుడు వెంటపడి ఫోన్లు చేస్తే పరారైన మనిషికి ఇంకా సిగ్గు పెరుగుతుంది, అసలు పట్టించుకోకపోతే వదిలేశారనిపిస్తుంది. ఒక్క మెసేజ్ పంపాను: ‘ఫలితం గురించి మాట్లాడక్కర్లేదు. కార్డులు రాస్తున్నావా ఆపేశావా, అది చెప్పు చాలు. ఏదైనా పర్వాలేదు.’ అవునో కాదో చెబితే సరిపోయే ప్రశ్న అడిగాను, ‘ఎలా ఉన్నావు’ అని అడగలేదు, ఆ ప్రశ్నకి జవాబివ్వాలంటే తను మళ్ళీ లోపలికి తవ్వుకోవాలి.

జవాబు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు ఫోటో వచ్చింది. కార్డు. ‘ఇవాళ ఏమీ చేయలేదు. గది. ఒంటరిగా. సాయంత్రం ఈ కార్డు రాశాను.’

నా దృష్టిలో ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే, ప్రశ్న అడిగిన రోజున కాదు. అంతకుముందు ఒక రోజు పాడైతే మొత్తం వదిలేసే మనిషి, చాలా చెడ్డ వారంలో మధ్య నుంచి అందుకుంది.

ఏడాది చివర: తను రాసిన మొదటి కథ

రెండో ఏడాది ముగిసే సమయానికి ఒక ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకి వ్యాసం రాయాల్సి వచ్చింది. గడిచిన ఏడాదిలో నీ వ్యక్తిగత ఎదుగుదల గురించి రాయి అన్నది ప్రశ్న. చిత్తుప్రతి నాకు చూపించింది. బాగా రాసింది. సారాంశం ఇది: ఏడాది క్రితం నేను దేనికీ పనికిరాని, పిరికి, బద్ధకపు అమ్మాయిని, ఇప్పుడు పూర్తిగా కొత్త మనిషిని.

అభినందించి పంపించేయొచ్చు. పీహెచ్‌క్యూ-9 స్కోరు అప్పటికి 5కి దిగింది, మిగిలిపోయిన సబ్జెక్టు కూడా ఆ తర్వాతి ప్రయత్నంలో గట్టెక్కింది, కేసు ముగించడానికి అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఆ వ్యాసం నన్ను ఆపింది. కారణం, మైఖేల్ కాన్వే, మైఖేల్ రాస్ 1984లో ప్రచురించిన ఒక పరిశోధన. చదువు నైపుణ్యాల శిక్షణలో చేరిన విద్యార్థుల చేత శిక్షణకి ముందు తమ నైపుణ్యాలకి తామే మార్కులు వేయించారు. శిక్షణ అయ్యాక, మొదట్లో ఎన్ని వేసుకున్నారో గుర్తుతెచ్చుకోమన్నారు. శిక్షణ తీసుకున్నవాళ్ళు నిజంగా వేసుకున్నదానికన్నా తక్కువ వేసుకున్నట్టు గుర్తుతెచ్చుకున్నారు. శిక్షణ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయినవాళ్ళు అలా చేయలేదు. పరీక్షల్లో వాళ్ళ మార్కులు మాత్రం శిక్షణ వల్ల పెరగలేదు. ఎదిగామని నమ్మాలనుకున్నప్పుడు మనసు గతాన్ని కిందకి దించుతుందన్నమాట.

కథ తియ్యగా ఉంటే నష్టమేంటి అని మీరు అడగొచ్చు. తన విషయంలో నష్టం ఉంది. పాత మనిషి ‘పనికిరానిది’, కొత్త మనిషి ‘పూర్తిగా మారినది’ అని గీత గీసుకుంటే, వచ్చే ఏడాది ఒక అసైన్‌మెంట్ ఆలస్యమైన రోజున, ఒక క్లాసులో నోరు పెగలని రోజున, తను గీతకి అవతలి వైపు పడిపోయినట్టే. ఒక్కటి తప్పితే అన్నీ పోయినట్టు అనుకునే పాత అలవాటే, ఈసారి రోజు స్థాయిలో కాక ఏడాది స్థాయిలో, అందమైన వ్యాసం రూపంలో తిరిగొచ్చింది.

వ్యాసం తప్పని చెప్పలేదు. కార్డుల కట్ట తెచ్చుకోమన్నాను. మొదటి నెలల కార్డులు తీసి, ‘పనికిరాని, బద్ధకపు అమ్మాయి ఈ రోజుల్లో ఏం చేసిందో చదువు’ అన్నాను. చదివింది. ఆ నెలల్లో ఒక్క ల్యాబ్ కూడా మానలేదు. రూమ్మేట్‌కి జ్వరం వస్తే తనే రెండు రోజులు నోట్స్ రాసిపెట్టింది, ఆ సంగతే మర్చిపోయింది. నిద్ర లేని రాత్రుల తర్వాత కూడా మొదటి పీరియడ్‌కి వెళ్ళింది. ఆ తర్వాత ఇటీవలి కార్డులు. అసైన్‌మెంట్లు ఇంకా చివరి రోజు దాకా సాగుతూనే ఉన్నాయి, పెద్ద క్లాసులో ఇంకా చెయ్యెత్తడం లేదు, ఇంటికి మాత్రం వారం వారం తనే ఫోన్ చేస్తోంది, పుస్తకం మూసి రాయడం అలవాటైంది, చెడ్డ రోజు తర్వాతి కార్డు ఖాళీగా ఉండడం ఆగిపోయింది.

కాసేపయ్యాక ‘అంటే నేను అంత మారలేదా మేడమ్?’ అంది. గొంతులో బాధ ఉంది, దాన్ని నేను తొందరపడి తీసేయలేదు. ఏవి మారాయో ఏవి మారలేదో నీ చేతిరాతలోనే ఉంది కదా, నువ్వే చెప్పు అన్నాను. చాలాసేపు కార్డులు అటూ ఇటూ పేర్చుకుని, ‘అప్పుడు కూడా చాలా చేశాను, నాకు కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది. అది మారింది’ అంది.

తిరిగి రాసిన వ్యాసం మొదటిదాని కన్నా చిన్నది. అందులో ల్యాబ్ కార్డు ఉంది, రెండోసారి ఫెయిలైన సబ్జెక్టు ఉంది, ఇంకా మారనివి కూడా రెండు ఉన్నాయి.

ఇలాంటి కేసు చూసేవాళ్ళకి

కార్డుల పద్ధతి తీసుకోవాలనుకుంటే ఒక విషయం పట్టుకోండి: అప్పటికప్పుడు రాసిన రాత లేకపోతే ఏడాది చివర ఈ సంభాషణే జరగదు. జ్ఞాపకం మీద ఆధారపడితే, దిగులుగా ఉన్న విద్యార్థి ‘ఏమీ మారలేదు’ అంటుంది, ఉత్సాహంగా ఉన్న విద్యార్థి ‘అంతా మారింది’ అంటుంది, రెండిటినీ మనం పరీక్షించలేం. ఆ రాత విద్యార్థి చేతిదే అయి ఉండాలి, మన కేసు నోట్స్ పనికిరావు. నా నోట్స్ చదివి వినిపించి ఉంటే అది నా ప్రశంస అయ్యేది.

‘ఎందుకు’ అన్న ప్రశ్నని శాశ్వతంగా బహిష్కరించమని కాదు. తనతోనే చివరి నెలల్లో కుటుంబం గురించి, ‘తెలివైన పిల్ల’ అనిపించుకోవడం గురించి కొన్ని ఎందుకులు మాట్లాడుకున్నాం, కానీ పగటి పూట, ఎదురెదురుగా కూర్చుని, గంటలో ముగిసేలా.

ఈ పద్ధతి అందరికీ కాదు. తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా, కార్డులూ చదువు పద్ధతీ పక్కన పెట్టి ముందు భద్రత చూడాలి, మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. నిద్ర బాగా తగ్గినా అలసట లేకుండా ఉత్సాహం పొంగుతున్న విద్యార్థినీ అలాగే పంపాలి. ఏదో ఒక ఘోరం జరిగి దాన్ని మోస్తున్నవాళ్ళకి ‘ఏం జరిగింది’ అని రాయమనడం ప్రమాదం కూడా కావచ్చు, వాళ్ళకి వేరే చికిత్స ఉంది, దానికి శిక్షణ పొందినవాళ్ళు కావాలి.

తను మూడో ఏడాదిలో కొన్ని నెలలకోసారి వచ్చి వెళ్ళింది. వాయిదా వేసే అలవాటు మీద ఇంకా పని చేస్తున్నాం. కార్డులు ఇప్పుడు రోజూ రాయడం లేదు, చెడ్డ వారాల్లో మాత్రమే రాస్తుంది. అది తన నిర్ణయం. నేను అడ్డు చెప్పలేదు, ఎందుకంటే ఏ వారంలో కావాలో తనకి ఇప్పుడు తెలుస్తోంది.